ముద్ర వేరు, మాత్ర వేరు



మొన్న సాయంత్రం మా తొర్రూరు బస్టాండు వద్ద నా పూర్వ విద్యార్థి ఒకడు కలిశాడు. కిరాణా దుకాణం నడుపుకుంటున్నాడు, యాభయ్యేళ్ళకు దగ్గరపడ్డాడు. కుశలప్రశ్నలయ్యాక బొటనవ్రేలినీ చూపుడువ్రేలినీ కలిపి నాకు చూపించి, "నెల అయితుంది సారూ, బీపీ గోలీలు బందు పెట్టిన. పొద్దుగాల అర్ధగంట గిట్ల కూసుంటే చాలట" అన్నాడు. ఎవరు చెప్పారు నాయనా అంటే ఫోను తీసి ఒక వీడియో చూపించాడు. అందులో ఒకాయన ఏ వ్రేలిని ఏ వ్రేలితో కలిపితే ఏ రోగం పోతుందో పంచాంగ శ్రవణమంత ధాటిగా చెప్పుకుపోతున్నాడు. వాణ్ణి అటునుంచటే డాక్టరు వద్దకు పంపాను. పై అంకె 180 దాటిందట!

యోగమంటే గిట్టనివాణ్ణి కాను. ఉద్యోగ విరమణ తరువాత ప్రతి ఉదయం చిన్ముద్ర పట్టి ఇరవై నిమిషాలు కూర్చోవడం నా నిత్యకృత్యం. ఆ చనువుతోనే ఈ నాలుగు మాటలూ వ్రాస్తున్నాను.

ముద్ర అనగా మొదట గుర్తు, రాజుగారి ఉంగరపు అచ్చు. హనుమంతుడు సీతమ్మకు చూపినది ముద్రిక. విశాఖదత్తుని ముద్రారాక్షసంలో కథను మలుపు త్రిప్పేది మంత్రి ఉంగరమే. ముద్రను చూడగానే దాని వెనుకనున్నవాని మాట స్ఫురించాలి. దక్షిణామూర్తి చేతిలోని చిన్ముద్ర అటువంటిదే. చూపుడువ్రేలు జీవుడు, అంగుష్ఠం పరమాత్మ, ఆ రెండింటి కలయిక జ్ఞానమని పెద్దలు వివరించారు. ఒక వేదాంత పాఠాన్ని రెండు వ్రేళ్ళలో ఇమిడ్చిన మహాశిల్పమది. దానిని గ్యాసు ట్రబులుకు చిట్కాగా దించినవారే నన్ను చూసి "పండితులై ఉండి ప్రాచీన విజ్ఞానాన్ని కించపరుస్తారా" అంటున్నారు!

పోనీ, ప్రాచీన గ్రంథాలనే అడుగుదాం. హఠయోగ ప్రదీపిక మూడవ ఉపదేశంలో పది ముద్రలున్నాయి: మహాముద్ర, ఖేచరి, విపరీతకరణి మొదలైనవి. ఘేరండ సంహిత 25 చెప్పింది. ఇవి నాలుకతో, కంఠంతో, ఉదరంతో, శరీరమంతటితో గురుముఖతః చేయవలసిన కఠిన సాధనలు. వ్రేళ్ళు కలుపుకొని టీవీ ముందు కూర్చునేవి కావు. పతంజలి ఆసనం స్థిరంగా, సుఖంగా ఉండాలన్నాడే గాని వ్రేళ్ళ ఊసే ఎత్తలేదు. గీత ఆరవ అధ్యాయంలో శరీరం, మెడ, శిరస్సు నిటారుగా నిలపమన్న మాట ఉంది. అక్కడా వ్రేళ్ళు లేవు.

హఠయోగ గ్రంథాలు రోగాలు పోతాయని చెప్పలేదా అంటే, చెప్పాయి. దాచడమెందుకు? మహాముద్రతో క్షయ, కుష్ఠు సైతం నశిస్తాయని ప్రదీపికలోనే ఉంది. ఆ మాట పట్టుకొని నేడు ఒక క్షయరోగి మందులు మానుకుంటే అతనితోపాటు ఇల్లంతా దగ్గుతుంది.

ఇక పంచభూతాల లెక్క. బొటనవ్రేలు అగ్ని, చూపుడువ్రేలు వాయువు, నడిమివ్రేలు ఆకాశం, ఉంగరపువ్రేలు పృథ్వి, చిటికెనవ్రేలు జలమని నేటి పుస్తకాలు అచ్చు వేస్తున్నాయి. మరి లమిత్యాది పంచపూజ చేసే ఇంటిలో చూడండి. అక్కడ చిటికెనవ్రేలు పృథ్వి, ఉంగరపువ్రేలు అమృతం, నడిమివ్రేలు అగ్ని, బొటనవ్రేలు ఆకాశం. ఒక్క చూపుడువ్రేలి వద్దనే రెంటికీ సఖ్యత! పూజలో ఇది భావన కనుక చిక్కు లేదు. వైద్యమన్నప్పుడో? ఏ లెక్కన నీళ్ళు తగ్గించాలి, ఏ లెక్కన నిప్పు పెంచాలి?

మన ఓరుగల్లు సీమలో హస్తాలకు వేరే గౌరవముంది. గణపతిదేవుని గజసేనాని జాయప 13వ శతాబ్దిలో నృత్తరత్నావళి రచించాడు. 1213 నాటి రామప్ప గుడి నర్తకీ శిల్పాలను చూసి నటరాజ రామకృష్ణగారు పేరిణిని పునరుద్ధరించారు. భరతుడు 24 అసంయుత హస్తాలను, 13 సంయుత హస్తాలను లెక్కించి ఏది ఏ భావానికో చెప్పాడు గాని ఏది ఏ రోగానికో చెప్పలేదు. మన పూర్వులకు చేయి ఒక భాష.

అన్నిటికంటె నన్ను భయపెట్టేది గుండెపోటుకు చెబుతున్న అపానవాయు ముద్ర. క్షణాల్లో ప్రాణం నిలుపుతుందని ప్రచారం. మా ఊరి నుండి వరంగల్లు పెద్దాసుపత్రికి యాభై కిలోమీటర్ల దారి. ఛాతీ పట్టుకొని చెమటలు క్రక్కుతున్న మనిషికి ప్రతి నిమిషమూ లెక్కే. 108కి ఫోను చేయవలసిన చేతిని ముద్రలో బంధించడం హత్యతో సమానమని నిష్ఠురంగానే అంటాను.

అయితే ముద్రవలన ఏమీ లేదా? ఉన్నది. వ్రేళ్ళను మృదువుగా ఆనించి కూర్చున్నప్పుడు మనస్సు ఎటో పోతే ఆ వ్రేళ్ళు తమంత తామే జారిపోతాయి. జారగానే మనకు తెలుస్తుంది. మళ్ళీ శ్వాస వద్దకు వస్తాము. కునికిపాట్లు పట్టించి ఇచ్చేదీ అదే. శ్వాస నెమ్మదిస్తే గుండె వేగమూ తగ్గుతుంది, అలజడి అణుగుతుంది. పదవ తరగతి పిల్లలను పరీక్షలకు ముందు రోజూ అయిదు నిమిషాలు ఇట్లా కూర్చోబెట్టేవాణ్ణి. ఆ తరువాత పద్యం చెబితే చెవినబెట్టేవారు. మార్కులు పెరిగాయని మాత్రం ఏనాడూ చెప్పలేదు. చదివినవాడికి వచ్చాయి, చదవనివాడికి రాలేదు.

నిన్న ఆ దుకాణదారు మళ్ళీ కనిపించాడు. ప్రొద్దున కూర్చోవడం మానలేదట. గోలీ వేసుకున్న తరువాతనే కూర్చుంటున్నాడట.