మంచానికి బీమా సరే, మందుబిళ్ల మాటేమిటి?

డెబ్బయ్యేళ్లు నిండిన వృద్ధులందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, కుటుంబ ప్రాతిపదికన ఏటా 5 లక్షల రూపాయల మేరకు ఉచిత వైద్యం కల్పించే ఏర్పాటును కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 29న ప్రారంభించింది. ఆయుష్మాన్ భారత్ పథకానికి చేసిన ఈ విస్తరణ వల్ల నాలుగున్నర కోట్ల కుటుంబాలలోని సుమారు 6 కోట్ల మందికి మేలు కలుగుతుందని అధికారిక అంచనా. వయసునే అర్హతగా తీసుకోవడం స్వాగతించదగిన నిర్ణయమే. అయితే వృద్ధుల వైద్య ఖర్చులో ఈ బీమా భరించేదెంత, వారి జేబుకే వదిలివేసేదెంత అని లెక్క చూస్తే ఆ సంతోషం సగమవుతుంది.

ఈ పథకం ఆసుపత్రిలో చేరిన రోగుల కోసం ఉద్దేశించినది. చేరడానికి ముందు 3 రోజులు, ఇంటికి వెళ్లిన తర్వాత 15 రోజుల వరకు పరీక్షలకు, మందులకు అయ్యే ఖర్చును కూడా అది భరిస్తుంది. పదహారో రోజు నుంచి మందుల చీటీ, దాని ఖర్చు రెండూ రోగివే. రక్తపోటు, మధుమేహం, గుండెజబ్బు, ఉబ్బసం పక్షం రోజులలో నయమయ్యే వ్యాధులు కావు. జీవితాంతం మందు వాడవలసినవి. అరవయ్యేళ్లు దాటిన ప్రతి నలుగురిలో ముగ్గురికి ఏదో ఒక దీర్ఘకాలిక వ్యాధి ఉన్నట్లు 2017-18లో దేశవ్యాప్తంగా జరిగిన వృద్ధుల సర్వేలో వెల్లడైంది. దేశంలో వైద్యంపై జరిగే మొత్తం వ్యయంలో ప్రజలు నేరుగా జేబు నుంచి చెల్లించేది 2013-14లో 64.2 శాతం ఉండగా, 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గింది. తగ్గుదల హర్షణీయమే. కానీ మిగిలిన ఆ భారంలో నెలనెలా కొనవలసిన మందుల వాటా చిన్నది కాదు.

డబ్బు చాలని ఇంట్లో మొదట కోత పడేది పెద్దవారి మందులకే. రోజూ వేసుకోవలసిన మాత్ర రోజు విడిచి రోజుకు మారుతుంది. అదుపు తప్పిన రక్తపోటు పక్షవాతానికి, మధుమేహం మూత్రపిండాల వైఫల్యానికి దారితీస్తాయి. అప్పుడు ఆసుపత్రిలో చేరితే వేలు, లక్షలు చెల్లించడానికి బీమా సిద్ధంగా ఉంటుంది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా రానివ్వడమంటే ఇదే. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ సైతం ప్రధానంగా ఆసుపత్రి చికిత్స చుట్టూనే రూపుదిద్దుకున్నదన్నది విదితమే.

వృద్ధాప్యంలో మందుల ఖర్చు నెలవారీ అవసరమన్న సంగతి ప్రభుత్వానికి తెలియనిది కాదు. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం పరిధిలోని పెన్షనర్లకు ఆసుపత్రిలో చేరకపోయినా మందులు అందుతాయి. ఆ పథకం కేంద్రాలు లేని చోట నివసించే అర్హులైన పెన్షనర్లకు నెలకు 1,000 రూపాయల వైద్య భత్యం లభిస్తుంది. అదే నిరుపేద వృద్ధునికి జాతీయ వృద్ధాప్య పింఛను పథకం కింద కేంద్రం ఇచ్చే వాటా 79 ఏళ్ల వరకు నెలకు 200 రూపాయలు, 80 దాటితే 500. రాష్ట్రాలు తమ వంతు కలిపి ఇస్తున్నా, తిండికీ మందుకూ ఆధారం ఆ మొత్తమే.

ఇక ఖర్చు మాట. ఆ 1,000 రూపాయల భత్యాన్నే 6 కోట్ల మందికీ వర్తింపజేస్తే ఏడాదికి 72,000 కోట్ల రూపాయలవుతుంది. ఆయుష్మాన్ బీమా మొత్తానికి 2025-26 బడ్జెట్‌లో కేటాయించినది 9,406 కోట్లు. కనుక నగదు భత్యం ఆచరణసాధ్యం కాదన్న వాదనను తేలికగా తోసిపుచ్చలేము. కానీ మందు ఖరీదు దైవం నిర్ణయించినది కాదు. ఎవరు కొంటారు, ఎంత మొత్తంలో కొంటారు అన్నదానిపై అది ఆధారపడుతుంది.

ఇందుకు నిదర్శనాలు దేశంలోనే ఉన్నాయి. తమిళనాడు వైద్య సేవల సంస్థ 1995 నుంచి ప్రభుత్వ ఆసుపత్రులకు కావలసిన మందులను టెండర్లు పిలిచి ఒకేచోట టోకున కొంటున్నది. రాజస్థాన్ 2011 అక్టోబరు 2న అదే బాటలో ఉచిత మందుల పథకం చేపట్టింది. బజారులో బ్రాండు పేరుతో అమ్ముడయ్యే ధరకూ టోకు ధరకూ ఎంత అంతరమున్నదో ఈ రెండు రాష్ట్రాల అనుభవం తేటతెల్లం చేసింది.

విడివిడిగా కొనే రోగికి ఆ బలం లేదు. 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు అత్యవసర మందులకు గరిష్ఠ ధర నిర్ణయిస్తున్నా, అందుకు కొలమానం ఉత్పత్తి వ్యయం కాదు, మార్కెట్ ధరల సగటు. టోకు ధరల సూచీ పెరిగితే ఆ పరిమితీ పెరుగుతుంది. 2022 ఏప్రిల్‌లో 10 శాతానికి పైగా పెరిగింది. 2025 సెప్టెంబరులో మందులపై జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించడం కొంత ఊరట. జన ఔషధి దుకాణాలలో జనరిక్ మందులు 50 నుంచి 80 శాతం చౌకగా దొరుకుతున్నాయి. అయితే దుకాణం దగ్గరలో ఉండాలి, సరకు నిల్వ ఉండాలి, డాక్టరు బ్రాండు పేరు కాక మందు పేరు రాయాలి.

బీమా ద్వారా మందుల బిల్లు చెల్లిస్తే సరిపోతుందని భావించేవారికి అమెరికా అనుభవం ఒక హెచ్చరిక. అక్కడ వృద్ధులకు 2006లో మందుల బీమా అమలులోకి వచ్చింది. కంపెనీలతో ప్రభుత్వం ధర బేరమాడరాదని చట్టమే నిషేధించింది. ఆ నిబంధన 2022లో గాని సడలలేదు. బేరమాడి తగ్గించిన తొలి 10 మందుల ధరలు అమలైనది 2026 జనవరిలో. బేరమాడే అధికారం లేని బీమా ఖజానాకు గుదిబండ అవుతుంది. ఉచితమని ప్రకటిస్తే చాలదనడానికి శ్రీలంక నిదర్శనం. ప్రభుత్వాసుపత్రులలో మందులు ఉచితంగా ఇచ్చే సంప్రదాయమున్న ఆ దేశంలో 2022లో విదేశీ మారకద్రవ్య సంక్షోభం వల్ల మందుల అల్మారాలు ఖాళీ అయ్యాయి.

కాబట్టి కేంద్రం చేయదగినది స్పష్టం. వృద్ధులలో సాధారణమైన దీర్ఘకాలిక వ్యాధులకు వాడే మందుల చిన్న జాబితాను ముందు ఖరారు చేయాలి. రాష్ట్రాలతో కలిసి టోకున కొని, ఇప్పటికే జారీ చేస్తున్న వయోవందన కార్డు మీదనే ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల ద్వారా నెలకు సరిపడా ఒకేసారి ఇవ్వాలి. అక్కడ నిల్వ లేనప్పుడు జన ఔషధి దుకాణంలో ఉచితంగా తీసుకునే వీలుండాలి. ప్రతి కేంద్రంలోని నిల్వల వివరాలు ప్రజలకు తెలియజేయాలి. మందులు పక్కదారి పడతాయన్న భయం నిరాధారం కాదు. అయితే దానికి విరుగుడు తనిఖీ, నాణ్యత పరీక్షలే గాని పథకాన్ని మానుకోవడం కాదు.

వృద్ధుడు జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరినప్పుడు ఆదుకోవడం ప్రభుత్వ ధర్మమే. అంత దాకా రాకుండా చూడడం అంతకన్నా పెద్ద ధర్మం, చౌక బేరం కూడా.