బ్రహ్మవిద్య కాదట!

"ఇన్సులిన్ వెయ్యడమేగా? అదేమన్నా బ్రహ్మవిద్యా? కోడలు వేస్తుందిలే."

మా అత్తగారికి మొదటిసారి ఇన్సులిన్ రాసిన రోజు మా ఇంట్లో వినబడిన మాట ఇది. చీటీ మావారి చేతికిచ్చారు, మోతాదూ ఆయనకే చెప్పారు. సూది మాత్రం నా చేతికొచ్చింది. మీ ఇంట్లోనూ ఇంతేనా?

మూడేళ్ళు ఏ గొడవా లేకుండా గడిచాయి. పోయిన వేసవిలో డాక్టరుగారు మందు మార్చారు. కొత్తది రాత్రి ఒక్కసారి, 20 యూనిట్లు. మావారు సీసా తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టారు. పాత సిరంజీలు ఇంకా డజను ఉన్నాయి కదా అని కొత్తవి కొనలేదు. నేను ఎప్పట్లాగే 20 గీత దాకా లాగి వేశాను.

తెల్లవారుజామున మూడింటికి మూలుగు వినబడి వెళ్తే, ఆవిడ చీర చెమటకి తడిసి ముద్దయింది. చేతులు వణుకుతున్నాయి. నన్ను పట్టుకుని, ఎప్పుడో పోయిన వాళ్ళ అక్క పేరుతో పిలిచారు. మీటర్లో చూస్తే 46. మింగగలిగే తెలివి ఉంది కాబట్టి మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాను. పావుగంటాగి మళ్ళీ చూసి, ఇంకోసారి తాగించి ఆస్పత్రికి తీసుకెళ్ళాం. అక్కడి నర్సు అడిగిన మొదటి ప్రశ్న: "సిరంజి మూత ఏ రంగు?"

ఎరుపు. సంగతంతా అక్కడే ఉంది. మన దగ్గర సీసాల్లో ఇన్సులిన్ రెండు బలాల్లో దొరుకుతుంది. మిల్లీలీటరుకి 40 యూనిట్లు ఉండేది ఒకటి, 100 ఉండేది ఒకటి. 40 దానికి ఎర్రమూత సిరంజి, 100 దానికి నారింజరంగు మూత సిరంజి. మా కొత్త సీసా 100ది. ఎర్రమూత సిరంజిలో 20 గీత అంటే అర మిల్లీలీటరు. అంటే నేను వేసింది 20 కాదు, 50 యూనిట్లు! తిరగబడి, 40 సీసాకి నారింజ సిరంజి వాడితే 20 బదులు ఎనిమిదే పడతాయి. షుగరు దిగదు. "నోరు కట్టుకోవడం లేదు" అని పాపం ఆ మనిషినే తిడతాం.

అత్తగారు కోలుకున్నారు. తర్వాత మాటలు మొదలయ్యాయి. "డిగ్రీ చదివావు కదా వదినా, ఆమాత్రం చూసుకోవద్దూ?" అంది ఆడపడుచు.

నేను చదివింది బి.ఏ. తెలుగు. పద్యమిస్తే గణాలు విడదీస్తాను. మందు డబ్బాలో కాగితం ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. తప్పు నా చేతిదే, కాదనను. సీసా మీద 100 అని రాసే ఉంది. కానీ ఆ అంకె చూడాలని డాక్టరు చెప్పలేదు, మందులషాపు కుర్రాడు చెప్పలేదు, నేనూ అడగలేదు. మిక్సీ కొంటే కొట్టువాడు మూడు జార్లూ బిగించి, తిప్పి చూపించి మరీ పంపుతాడు. ప్రాణం మీదికి తెచ్చే మందుకి ఆ మర్యాద కూడా లేదా?

"ఇంతమందికి నేర్పుతూ కూర్చుంటే ఎలా?" అంటారు. ఎంతసేపండీ, పది నిమిషాలు! సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా చూడాలి. మబ్బుగా ఉండే రకాన్ని కుదపకుండా అరచేతుల మధ్య దొర్లించాలి. రోజూ ఒకేచోట గుచ్చితే గడ్డ కడుతుంది, అక్కడ మందు సరిగ్గా ఒంటికి పట్టదు, చోటు మార్చాలి. సీసా ఫ్రిజ్‌లో పెట్టాలి, డీప్ ఫ్రీజర్లో కాదు; గడ్డకట్టిన మందు పారెయ్యాలి. తెరిచిన తేదీ రాసుకోవాలి, చాలా రకాలు నాలుగు వారాలే పనికొస్తాయి. వాడిన సూదిని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూతపెట్టి విడిగా ఇవ్వాలి. చెత్తబుట్టలో వేస్తే అది గుచ్చుకునేది మన చెత్త ఎత్తే ఆవిడ చేతికే. షుగరు పడిపోయి స్పృహ తప్పితే నోట్లో ఏమీ పొయ్యకుండా 108కి ఫోన్ చెయ్యాలి. అంతే పాఠం.

ఈ పాఠం సూది పట్టుకునే మనిషికి చెప్పాలి. చీటీ అందుకున్న మగాయనకి చెప్పి పంపితే చెప్పినట్టు కాదు. మనమూ "ఆయన కనుక్కుని వస్తార్లే" అని ఇంట్లో కూర్చోకూడదు. మందు మారిన ప్రతిసారీ సీసా, సిరంజి రెండూ పట్టుకెళ్ళి డాక్టరు బల్లమీద పెట్టి, "నా ఎదుట ఒకసారి లాగి చూపించండి" అని అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఇంకోమాట. ఇప్పుడు మా ఇంట్లో మావారూ, మా అబ్బాయీ కూడా సూది వెయ్యడం నేర్చుకున్నారు. మొదటిరోజు మావారి చెయ్యి వణికింది. "బ్రహ్మవిద్య కాదుగా, వెయ్యండి" అన్నాను.