నివురుగప్పిన నక్షత్రం

నక్షత్రం ఆరిపోతే కథ కంచికి చేరినట్టే అనుకుంటాం. పక్కన తోడు నక్షత్రముంటే మాత్రం కథ మళ్ళీ మొదలవుతుంది!

న్యూట్రాన్ నక్షత్రం అడ్డుకొలత ఇరవై పాతిక కిలోమీటర్లే గాని, బరువులో సూర్యుణ్ణి మించుతుంది. అది తోడు నక్షత్రం నుంచి హైడ్రోజన్, హీలియం వాయువులను గుంజుకొని ఒంటికి పూసుకుంటుంది. పాలు కాగితే పొంగుతాయి. ఇక్కడి ఆకర్షణ పూతను పొంగనివ్వదు. వేడి వేడినే పెంచి, గంటల తరబడి చేరిన సరుకు క్షణాల్లో భగ్గుమంటుంది. 1975లో నెదర్లాండ్స్ ఉపగ్రహం ధనూరాశి వైపు ఇటువంటి ఎక్స్‌రే మెరుపునే పట్టింది. చిత్రమేమంటే, నక్షత్రం చెక్కుచెదరదు, మళ్ళీ కూడబెట్టుకుంటుంది.

ఈ మంట కొన్నిచోట్ల పది సెకన్లలో అణగుతుంది, కొన్నిచోట్ల నిమిషం దాటుతుంది. ఎందుకని? హైడ్రోజన్ ఎక్కువగా ఉన్నచోట పరమాణు కేంద్రకాలు ప్రోటాన్లను ఒక్కొక్కటిగా మింగుతూ బరువెక్కుతాయి. జెర్మేనియం-64 వద్ద వస్తుంది చిక్కు. అది మరో ప్రోటానును మింగితే ఆర్సెనిక్-65 అవుతుంది. ఆ ఆర్సెనిక్ నిలవకపోతే, జెర్మేనియంలో సగం తనంతట తాను మారడానికే సుమారు 64 సెకన్లు పడుతుంది. అంతసేపూ మంట మందగించవలసిందే.

2011లో చైనాలోని లాంజౌలో శాస్త్రజ్ఞులు ఆ ఆర్సెనిక్-65ను తూచారు. జెర్మేనియం వద్ద అంతగా ఆగవలసిన పని లేదని తేలింది.

తెలుగు పాఠాలు చెప్పుకునే నన్ను ఈ తూకమే ఆకట్టుకున్నది. మంట పెరిగి తగ్గే తీరును బట్టి ఆ నక్షత్రం ఎంతటిదో అంచనా కడతారు. ఇక్కడ రవ్వంత తూకం తప్పితే అక్కడ నక్షత్రం కొలతే తప్పుతుంది. కంసాలి త్రాసుకైనా ఇంతటి బాధ్యత లేదు కదా!