డెల్టా యానాదులకు అడవి పథకమా?

2018లో ఆరంభమైన వన్ ధన్ పథకం అటవీ ఉత్పత్తుల మీద ఆధారపడినది. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ యానాదులకు ఇప్పపువ్వు ఎక్కడిది? వారికి తెలిసినవి కాలువ చేపలు, మడ పీతలు, అన్నింటికంటే మిన్నగా వరి గట్ల ఎలుకలు. జింక్ ఫాస్ఫైడ్ ఎరను ఒకసారి రుచి చూసి బ్రతికిన ఎలుక మరల ముట్టదు. యానాది పొగకుండకు ఆ చిక్కు లేదు. అయినా ఆ విద్యను ఉద్యమశీలతగా లెక్కించేవారు అరుదు.

తమిళనాట 1978లో ఏర్పడిన ఇరుల సహకార సంఘం పాములు పట్టే నేర్పునే విష సేకరణ వృత్తిగా మలచింది. ఇక్కడ ఏ పూటకాపూట గడిచే కుటుంబానికి నెలవారీ వాయిదాల ఋణం పొసగదు. నీటి వినియోగదారుల సంఘాలు నాట్లకు ముందే ఎలుకల నివారణను, తలకింత అని కాక ఎకరాకింత అని, యానాది బృందాలకు అప్పగించి సగం సొమ్ము ముందుగా చెల్లించాలి. కుల ధ్రువపత్రం లేదని ఎవరినీ తప్పించరాదు.