ఫోన్ నిండా ఆర్డర్లు.. చేతిలో మాత్రం మిగలట్లేదు! ఇంటి నుంచి చీరల వ్యాపారంలో అసలు లెక్క ఇదీ

ఉదయం వాట్సాప్ స్టేటస్‌లో ఫొటోలు.. సాయంత్రం ఇన్‌స్టాలో లైవ్.. రాత్రి పన్నెండు దాకా ప్యాకింగ్. తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు దాదాపు ప్రతి వీధిలో ఇలాంటి ఇల్లు ఒకటి కనిపిస్తుంది. షాపు అద్దె లేదు, పనివాళ్లు లేరు, పెట్టుబడి పెద్దగా అక్కర్లేదు. అందుకే చాలామంది ధైర్యంగా మొదలుపెడుతున్నారు. శ్రావణమాసం, దసరా సీజన్‌లో ఫోన్ మోగుతూనే ఉంటుంది.

కానీ ఏడాది తిరిగేసరికి సీన్ మారిపోతోంది. "రోజూ పది పార్సిళ్లు పంపుతున్నా.. బ్యాంకులో మాత్రం డబ్బు కనిపించట్లేదు" అనే మాటే ఎక్కువగా వినిపిస్తోంది. మరి డబ్బు ఎక్కడికి పోతోంది? తెలియక చేస్తున్న తప్పులేంటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

అమ్మకం వేరు.. లాభం వేరు

ఓ ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్ మదీనాలోనో, విజయవాడ వస్త్రలతలోనో హోల్‌సేల్‌లో 700 రూపాయలకు ఓ చీర కొన్నారు. వెయ్యికి అమ్మారు. 300 లాభం అనుకుంటాం. కానీ కొరియర్‌కు 80, కవరు, టేపు, బిల్లు ప్రింటుకు 20, ఆ ఆర్డర్ రావడానికి ఇచ్చిన ప్రకటన ఖర్చు 80 తీసేయండి. చేతికి మిగిలేది 120 రూపాయలు. ఇందులో పన్ను లెక్క వేయలేదు, మీ కష్టానికి కూలీ అసలే వేయలేదు.

ఇప్పుడు అదే చీర క్యాష్ ఆన్ డెలివరీలో వెళ్లి, తలుపు దగ్గర "వద్దు" అనిపించుకుని వెనక్కి వచ్చిందనుకోండి. పోయేటప్పుడు కొరియర్ 80, వచ్చేటప్పుడు 80, ప్యాకింగ్ 20, ప్రకటన 80. మొత్తం 260 రూపాయల నష్టం. అంటే ఒక్క రిటర్న్ రెండు అమ్మకాల లాభాన్ని మింగేసి, ఇంకా 20 రూపాయలు అడుగుతోంది.

పది ఆర్డర్లకు లెక్క చూడండి. రెండు వెనక్కి వస్తే మిగిలేది 440. మూడు వస్తే కేవలం 60 రూపాయలు. నాలుగు వస్తే 320 రూపాయలు ఎదురు పడుతుంది. పది పార్సిళ్లు పంపిన ఆనందం అలాగే ఉంటుంది, లాభం మాత్రం గూబల్లోకి వచ్చేస్తుంది!

మీ రేట్లు వేరుగా ఉండొచ్చు. కానీ లెక్క తీరు ఇదే. ఆర్డర్ల సంఖ్య కాదు, వెనక్కి వస్తున్న పార్సిళ్ల సంఖ్యే మీ వ్యాపారం నిలుస్తుందో లేదో చెబుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు పూర్తిగా సీవోడీ ఇవ్వరు. ముందుగా కనీసం రానూపోనూ కొరియర్ ఖర్చయినా అడ్వాన్స్‌గా తీసుకుంటారు. పార్సిల్ కదిలే ముందు ఒక్క ఫోన్ చేసి అడ్రస్, ల్యాండ్‌మార్క్ కనుక్కుంటారు. అడ్వాన్స్ అడిగితే కొన్ని ఆర్డర్లు పోతాయి, నిజమే. అయితే పోయేవాటిలో ఎక్కువ శాతం ఎలాగూ వెనక్కి వచ్చేవే.

ఫొటో ఫార్వర్డ్ చేస్తే చాలనే రోజులు పోయాయి

చాలామంది మొదటి అడుగు రీసెల్లింగ్‌తోనే వేస్తారు. హోల్‌సేల్ గ్రూపులో వచ్చిన ఫొటోకు 200 కలిపి మన గ్రూపులో పెట్టడం. ఆర్డర్ వస్తే వాళ్లే నేరుగా కస్టమర్‌కు పంపిస్తారు. రూపాయి పెట్టుబడి లేదు.. వినడానికి బాగానే ఉంటుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. 2015లో మొదలైన మీషో తొలి రోజుల్లో ఎదిగింది ఇలాంటి రీసెల్లర్ల మీదే. వారిలో ఎక్కువమంది ఇంట్లో ఉండే మహిళలు. తర్వాత ఆ సంస్థ దారి మార్చి నేరుగా కొనేవాళ్లకే అమ్మడం మొదలుపెట్టింది. కస్టమర్ చేతిలోనే యాప్ ఉన్నప్పుడు మధ్యలో ఫొటో పంపే మనిషితో పనేముంది? అదే ఫొటోను గూగుల్‌లో వెతికితే 200 తక్కువకు దొరికేస్తోంది.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మీరు కంటితో చూడని చీరకు మీరే పూచీ పడుతున్నారు. రంగు తేడా వచ్చినా, బ్లౌజ్ పీస్ లేకపోయినా, అంచు దగ్గర చిరుగు ఉన్నా కస్టమర్ తిట్టేది మిమ్మల్నే.

మరి నిలబడుతున్నవాళ్లు ఏం చేస్తున్నారు? తక్కువ రకాలే పెడతారు, కానీ చేతిలో స్టాక్ ఉంచుకుంటారు. పగటి వెలుతురులో సొంతంగా వీడియో తీస్తారు. కొంగు, అంచు, లోపలి వైపు అన్నీ చూపిస్తారు. మగ్గం చీర అయితే మగ్గం అని, పవర్‌లూమ్ అయితే పవర్‌లూమ్ అని చెబుతారు. మంగళగిరి, గద్వాల, పోచంపల్లి పేర్లు చెప్పి మిషన్ చీర అంటగడితే ఒక్కసారే అమ్మగలరు. రెండోసారి ఆ కస్టమర్ రాదు. తనతో పాటు తన గ్రూపులో ఉన్నవాళ్లు కూడా రారు.

'నో రిటర్న్' అని రాసేస్తే సరిపోతుందా?

సరిపోదు. చాలా పేజీల్లో "నో రిటర్న్, నో ఎక్స్ఛేంజ్" అని పెద్ద అక్షరాలతో కనిపిస్తుంది. కానీ 2020 జూలైలో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనలు వేరే మాట చెబుతున్నాయి. వస్తువులో లోపం ఉన్నా, చూపించినదానికీ పంపినదానికీ తేడా ఉన్నా, వెనక్కి తీసుకోను అనే హక్కు అమ్మేవారికి లేదు. ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఎప్పుడో ఒకసారి సొంత వస్తువు అమ్ముకునే వ్యక్తికి ఈ రూల్స్ వర్తించవు. రోజూ వ్యాపారంగా చేసేవాళ్లకు వర్తిస్తాయి. ఇల్లే షాపు కదా అంటే కుదరదు.

కస్టమర్‌కు 1915 అనే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ కూడా ఉంది. ఒక్క చీర కోసం అక్కడిదాకా లాగడం కన్నా మార్చి ఇవ్వడమే చౌక.

అలాగని మోసపోవాల్సిన పనీ లేదు. కట్టుకుని వెనక్కి పంపేవాళ్లు, వేరే చీర పెట్టి పంపేవాళ్లు ఉంటారు. ప్యాక్ చేసేటప్పుడు మీరు వీడియో తీసుకోండి. పార్సిల్ తెరిచేటప్పుడు వీడియో తీయమని వాళ్లకు ముందే చెప్పండి. "రంగు నచ్చలేదు" అనేదానికి, "చిరుగు ఉంది" అనేదానికి వేర్వేరు నిబంధనలు పెట్టుకోండి. ఆ రెండూ ఆర్డర్ తీసుకునే ముందే పంపండి. సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి.

హైదరాబాద్ నుంచి విజయవాడకు పంపినా.. పక్క రాష్ట్రమే!

ఎక్కువమంది తప్పు చేసేది జీఎస్టీ దగ్గర. "మనది చిన్న వ్యాపారం, మనకెందుకులే" అనుకుంటారు. వస్తువులు అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. తెలంగాణలో ఆ పరిమితి 20 లక్షలే. ఇక్కడిదాకా చాలామందికి తెలుసు.

తెలియనిది ఏంటంటే.. ఈ మినహాయింపు సొంత రాష్ట్రంలో అమ్మినంత వరకే. పన్ను ఉన్న సరుకును వేరే రాష్ట్రానికి అమ్మితే, టర్నోవర్ ఎంతైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. జాబితాలో ఉన్న కొన్ని హస్తకళా వస్తువులకు మాత్రం షరతులతో మినహాయింపు ఉంది. అంటే కూకట్‌పల్లిలో కూర్చుని గుంటూరు కస్టమర్‌కు మామూలు చీర పంపినా అది అంతర్రాష్ట్ర అమ్మకమే. 2014కు ముందు ఈ సమస్యే లేదు. ఇప్పుడు తెలుగువాళ్లు తెలుగువాళ్లకే అమ్ముకుంటున్నా, కాగితాల మీద మధ్యలో సరిహద్దు ఉంది.

పెద్ద ఆన్‌లైన్ సైట్లలో పెడితే? 2023 అక్టోబర్ 1 నుంచి రిజిస్ట్రేషన్ లేని చిన్న వ్యాపారులూ అక్కడ అమ్మొచ్చు. కానీ ఎన్‌రోల్‌మెంట్ నంబర్ తీసుకోవాలి, సొంత రాష్ట్రంలోనే అమ్మాలి.

కుర్తీలు, డ్రెస్సులు కూడా పెట్టేవాళ్లు ఇంకోటి గమనించాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రెడీమేడ్ దుస్తులకు ముక్క ధర 2,500 రూపాయల వరకు 5 శాతం, అది దాటితే 18 శాతం పన్ను. 2,600 అని రేటు పెట్టే ముందు ఒకసారి ఆలోచించండి.

రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వ ఫీజు లేదు. కానీ తీసుకున్నాక అమ్మకం లేకపోయినా రిటర్న్ వేయాల్సిందే. మర్చిపోతే సున్నా రిటర్న్‌కైనా రోజుకు 20 రూపాయల చొప్పున లేట్ ఫీజు పడుతుంది. అందుకే ఆడిటర్ ఖర్చు కూడా చీర ధరలో భాగమే అనుకోవాలి.

ఒకే ఖాతా.. రెండు తలనొప్పులు

2025 జూలైలో కర్ణాటకలో ఏం జరిగిందో గుర్తుందా? యూపీఐలో వచ్చిన మొత్తాలను చూసి చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు వెళ్లాయి. కొన్ని దుకాణాల్లో "నో యూపీఐ" బోర్డులు కనిపించాయి. మనకు పాఠం ఏంటంటే, అన్నయ్య పంపిన డబ్బు, చిట్టీ డబ్బు, చీరల డబ్బు ఒకే ఖాతాలో పడితే బయటివాళ్లకు అన్నీ అమ్మకాల్లాగే కనిపిస్తాయి. వ్యాపారానికి విడిగా కరెంట్ ఖాతా తెరిస్తే ఈ గొడవ ఉండదు.

రెండోది ఇంకా భయపెట్టే విషయం. ఎవరి దగ్గరో కొట్టేసిన డబ్బుతో మోసగాడు మీ దగ్గర చీరలు కొంటాడు. బాధితుడు 1930కు ఫిర్యాదు చేస్తాడు. డబ్బు ఎటు వెళ్లిందో చూస్తూ వచ్చి మీ ఖాతాలోనూ ఆపేస్తారు. మీ తప్పు లేకపోయినా తిరగాల్సింది మీరే. అప్పుడు కాపాడేవి మూడు.. బిల్లు, కొరియర్ ట్రాకింగ్ నంబర్, ఆర్డర్ చాట్. వీటిని డిలీట్ చేయకండి. ఇల్లు గడిచే డబ్బు వేరే ఖాతాలో ఉంటే కనీసం పాల ప్యాకెట్‌కు వెతుక్కోవాల్సిన పరిస్థితి రాదు.

ఇక స్క్రీన్‌షాట్ అంటే డబ్బు కాదు. ఖాతాలో పడిందో లేదో చూశాకే పార్సిల్ కట్టండి. డబ్బు రావడానికి పిన్ కొట్టమని ఎవరన్నా చెబితే అది మోసమే. పిన్ పంపడానికే, తీసుకోవడానికి కాదు.

ఆ యాప్ ఆగితే మీ షాపు ఉంటుందా?

2020 జూన్ 29న టిక్‌టాక్‌ను కేంద్రం నిషేధించింది. లక్షల ఫాలోవర్లు ఒక్క రాత్రిలో మాయం. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ కలిసి దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. ఆ మూడింటి మీదే ఆర్డర్లు తీసుకునేవాళ్లకు ఆ రాత్రి షట్టర్ దించినట్టే.

ఫాలోవర్లు యాప్ సొత్తు. కస్టమర్ పేరు, ఫోన్ నంబర్, ఏం కొన్నారో రాసుకున్న పుస్తకమే మీ సొత్తు. పాత రోజుల్లో బట్టల కొట్టు సేఠ్ దగ్గర ఉండే ఖాతా పుస్తకం లాంటిదే అది. రోజూ రాత్రి పది నిమిషాలు దానికి కేటాయించండి.

అమెరికా పార్సిల్ ముందు ఒక్క ప్రశ్న

విదేశాల్లోని మనవాళ్లు మంచి కస్టమర్లు. కానీ 2025 ఆగస్టు 29 నుంచి అమెరికా 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఇచ్చే సుంకం మినహాయింపును ఎత్తేసింది. దానికి నాలుగు రోజుల ముందే మన తపాలా శాఖ అక్కడికి చాలా రకాల పార్సిళ్లు తీసుకోవడం ఆపేసింది. అక్టోబర్ 15న మళ్లీ మొదలుపెట్టినా, సుంకం ఇక్కడే ముందుగా కట్టే పద్ధతి వచ్చింది. పాత రేటుకే ఒప్పుకున్నవాళ్లకు చేతి చమురు వదిలింది. అందుకే ఆర్డర్ తీసుకునే ముందే అడగండి.. సుంకం ఎవరు కడతారు? అలాగే పంపే రోజున ఉన్న రేటే లెక్క అని మెసేజ్‌లో రాసి ఉంచండి.

మరి ఈ వ్యాపారం చేయాలా, వద్దా?

చేయొచ్చు. ఇంటి పని చూసుకుంటూ సొంతంగా సంపాదించే దారి ఇది. ఎంతోమంది పిల్లల ఫీజులు కట్టుకుంటున్నది దీంతోనే. కాకపోతే ఇది కాలక్షేపం కాదు, షట్టర్ లేని షాపు. షాపుకు ఉన్న బాధ్యతలన్నీ దీనికీ ఉన్నాయి.

ఈ రాత్రే ఒక పని చేయండి. గత నెల పార్సిళ్ల లిస్టు తీయండి. ఎన్ని వెళ్లాయి, ఎన్ని వెనక్కి వచ్చాయి, ఒక్కోదానికి ఖర్చులన్నీ పోగా ఎంత మిగిలింది.. ఈ మూడు అంకెలు పక్కపక్కన రాయండి. పదిలో మూడు వెనక్కి వస్తుంటే కొత్త ప్రకటనలు ఆపేసి, ముందు అడ్వాన్స్ పద్ధతి పెట్టండి. ఆర్డర్లు తగ్గాయని కంగారుపడకండి. చేతిలో మిగిలేది పెరిగిందా లేదా అన్నదే చూడండి.