దేవతలకూ తప్పని విచారణ

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో కాంకేర్ నుండి జగదల్‌పూర్ వెళ్ళే రహదారి కేశ్‌కాల్ కనుమ మీదుగా బస్తర్ పీఠభూమిని చేరుతుంది. ఆ కొండమీద భంగారామ్ దేవి ఆలయం ఉన్నది. ఏటా భాద్రపద మాసంలో అక్కడ జరిగే జాతర తక్కిన జాతరల వంటిది కాదు. ఆనాడు ఆలయం న్యాయస్థానమవుతుంది. 200కు పైగా గ్రామాల ప్రజలు తమ తమ దేవతలను మోసుకొని వస్తారు. మొక్కు చెల్లించడానికి మాత్రమే కాదు, ఫిర్యాదు చేయడానికి కూడా! పంట చేతికి రాలేదు, రోగం కుదరలేదు, ఏడాది పొడుగునా పూజలందుకొన్న దేవత ఆపదలో ఆదుకోలేదు — ఇవీ అభియోగాలు. గ్రామ పెద్దలు వాదిస్తారు. కోళ్ళు సాక్షులు. భంగారామ్ దేవి న్యాయమూర్తి.

దోషి అని తేలిన దేవతకు బహిష్కార శిక్ష పడుతుంది. ఆలయం వెనుక ఆరుబయట ఆ విగ్రహాన్ని వదలివేస్తారు. నగలు దానితోనే ఉంటాయి. కావలివారు లేకపోయినా ఎవరూ వాటిని ముట్టరు. అయితే ఈ ఆచారంలో గమనింపదగినది శిక్ష కాదు. ఆ దేవత తన తీరు మార్చుకొన్నదని, గ్రామానికి మేలు జరిగినదని జనం నమ్మిన నాడు ఆమెను సగౌరవంగా వెనుకకు తీసుకొనివచ్చి యథాస్థానంలో నిలుపుతారు. శిక్షతోపాటే తిరిగివచ్చే దారిని కూడా చూపించే న్యాయమిది.

భంగారామ్ దేవి పూర్వం ఓరుగల్లు నుండి వచ్చినదని స్థానికులు చెప్పుకొంటారు. కాకతీయ సామ్రాజ్యం 1323లో పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు బస్తర్ చేరి రాజ్యం స్థాపించినట్లు ఐతిహ్యం ఉండనే ఉన్నది. తెలుగువారి చెవికి ఆ దేవి పేరు మన బంగారమ్మ పేరువలె వినిపించడంలో వింత లేదు.

దేవతలకున్న ఈ సౌలభ్యం మనుష్యులకు ఉన్నదా? వెరియర్ ఎల్విన్ అనే ఆంగ్లేయుడు క్రైస్తవ మతాచార్యుడుగా 1927లో భారతదేశానికి వచ్చి, తరువాత చర్చిని వీడి, ఆదివాసుల నడుమ స్థిరపడినాడు. బస్తర్‌లోని మరియా గోండులలో జరిగిన 100 హత్య కేసుల కాగితాలను పరిశీలించి 1943లో ఆయన ఒక గ్రంథం ప్రకటించినాడు. అందులో కనిపించేవారు కరడుగట్టిన నేరస్థులు కారు. ఇంటి తగవు, మద్యం మైకం, చేతబడి అనుమానం, ఒక్క క్షణపు ఆగ్రహం — ఇవే పెక్కు హత్యలకు కారణాలు. ఇక గోండు సమాజంలో జైలునుండి వచ్చినవాడు కులపెద్దల ఎదుట శుద్ధి చేసికొని, విందుపెట్టి, తనవారితో ఒకే పంక్తిని కూర్చుండి తినడం సంప్రదాయం. ప్రభుత్వం విధించిన శిక్ష ముగిసినంత మాత్రాన సరిపోదు. ఊరు చేర్చుకొన్ననాడే అతడు మనిషి అవుతాడు.

శిక్షను పశ్చాత్తాపానికి మార్గంగా చూడడం పలు మతాలలో ఉన్నది. ధర్మశాస్త్రాలు రాజదండంతోపాటు ప్రాయశ్చిత్తాన్ని కూడా చెప్పినవి. హతుని బంధువులు హంతకుని క్షమింపవచ్చునని ఖురాన్ అనుమతించినది. బౌద్ధ గాథలో అంగుళిమాలుడు భిక్షువైన పిమ్మట కోసల రాజు అతనిని బంధింపక విడిచిపెట్టినాడు. అయినా భిక్షకు వెళ్ళినప్పుడు అతనిపై రాళ్ళు పడుతూనే ఉన్నవి. రాజు క్షమించినా నష్టపడినవారి గాయం వెంటనే మానదని ఆ కథ హెచ్చరిస్తున్నది.

సదుద్దేశం ఒక్కటే చాలదనడానికి కూడా నిదర్శనమున్నది. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో క్వేకర్లనే క్రైస్తవ శాఖవారి ప్రభావంతో 1829లో ఒక చెరసాల తెరచినారు. కొరడా దెబ్బలకు బదులు ఏకాంతం ఇస్తే ఖైదీ తన ఆత్మను తాను శోధించుకొంటాడని వారి ఆశ. 1842లో దానిని చూచిన నవలాకారుడు చార్లెస్ డికెన్స్, ఆ ఏకాంతం శరీరహింసకంటె క్రూరమైనదని నిరసించినాడు. మనిషిని మనుష్యులనుండి వేరుచేసి మనిషిగా మార్చడం సాధ్యం కాలేదు.

మన దేశంలో వేరు దారులు లేకపోలేదు. మొదటిసారి తప్పుచేసినవారిని జైలుకు పంపక అధికారి పర్యవేక్షణలో విడిచిపెట్టే ప్రొబేషన్ చట్టం 1958 నుండి ఉన్నది. అనంతపురంలో ఖైదీలు ఆరుబయట సేద్యం చేసే వ్యవసాయ క్షేత్రం 1965లో ఏర్పడినది. ఆంధ్రప్రదేశ్‌నుండి వెళ్ళిన ఒక మోసం కేసులో 1977లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి వి.ఆర్. కృష్ణయ్యర్ శిక్షాకాలాన్ని తగ్గించి, రాజ్యం చేయవలసినది పగ తీర్చుకోవడం కాదని, నేరస్థుని బాగుచేయడమని స్పష్టంచేసినారు. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కొన్ని చిన్న నేరాలకు సమాజసేవను శిక్షగా చేర్చినది.

కాని బస్తర్‌లో సమస్య శిక్షకు ముందే మొదలవుతున్నది. 2017 ఏప్రిల్‌లో సుక్మా జిల్లా బుర్కాపాల్ వద్ద మావోయిస్టుల దాడిలో 25 మంది సి.ఆర్.పి.ఎఫ్. జవానులు మరణించినారు. ఆ కేసులో పట్టుబడిన 121 మంది ఆదివాసులను 2022 జులైలో దంతేవాడలోని న్యాయస్థానం నిర్దోషులని విడుదల చేసినది. అప్పటికి వారిలో పెక్కుమంది సుమారు 5 సంవత్సరాలు జైలులో గడిపినారు. ఇటు వీరి యౌవనం పోయినది. అటు మరణించిన జవానుల కుటుంబాలకు న్యాయమూ జరగలేదు. కేశ్‌కాల్ కొండమీద దేవతకైనా ముందు విచారణ, పిమ్మట శిక్ష. ఇక్కడ ఆ వరుస తారుమారైనది.

ఊరి న్యాయమంతా మంచిదేనని చెప్పడం కూడా పొరపాటే. మంత్రగత్తె అన్న నిందతో స్త్రీలను హింసించే దురాచారాన్ని అరికట్టడానికి ఛత్తీస్‌గఢ్ 2005లో ప్రత్యేక చట్టమే చేయవలసివచ్చినది. నిందకు గురైన స్త్రీకి పంచాయతీ కాదు, పోలీసు ఠాణాయే రక్ష. ఘోర నేరాలు చేసి ఇతరులకు ప్రమాదకారులైనవారిని కొంతకాలం నిర్బంధించక తప్పదు. అయితే జైలు గోడ ఎంత ఎత్తున కట్టినా, ఏదో ఒకనాడు దాని తలుపు తెరవవలసినదే. ఆ తలుపు వెలుపల నిలిచి పిలిచే ఊరు లేనప్పుడు, శిక్షాకాలం ముగిసిందన్న మాటకు కాగితం మీద తప్ప అర్థముండదు.

తమను ఆదుకోని దేవతను సైతం తిరిగి గుడిలో నిలుపుకొనగలిగిన ఔదార్యం బస్తర్ గ్రామాలకు ఉన్నది. చట్టానికి కావలసిన పాఠం అందులో సగం ఉన్నది: నిందితుని మాట ఆలస్యం లేకుండా వినడం, తప్పు ఎంతో శిక్ష అంతే విధించడం, తిరిగివచ్చే రోజును మొదటనే నిర్ణయించడం. తక్కిన సగం మనది. తిరిగివచ్చినవానికి పంక్తిలో విస్తరి వేయడానికి ఏ శాసనసభ అనుమతీ అక్కరలేదు.