రంగం వెళ్లినవారి లెక్క ఎవరు రాయాలి?

సెలవులు వచ్చాయంటే విశాఖపట్నం బీచి రోడ్డు మీద పల్లెటూళ్ల బస్సులు బారులు తీరుతాయి. చోడవరం, మాడుగుల, నర్సీపట్నం, యలమంచిలి వైపు నుంచి మాస్టార్లు పిల్లలను తీసుకువస్తారు. పొద్దున్న సింహాచలం, మధ్యాహ్నం జూ, సాయంత్రం బీచి. ఆ సాయంత్రంలోనే ఒక అరగంట కురుసుర జలాంతర్గామికి. పిల్లలు ఒక గుమ్మంలో దూరి, మరో గుమ్మంలో బయటపడి, ఫొటో దిగి, మిక్చరు పొట్లం కొనుక్కుని బస్సెక్కుతారు. "ఏం చూశారర్రా?" అని ఇంట్లో పెద్దవాళ్లు అడిగితే "సబ్‌మెరైను చూశాం" అంటారు. అక్కడితో ఆ ముచ్చట సరి.

చూడవద్దని ఎవరూ అనరు. చూడవలసిందే. 91 మీటర్ల పొడవున్న కురుసుర 1969 డిసెంబరులో మన నావికాదళంలో చేరింది. అది సోవియట్ యూనియన్ నుంచి వచ్చిన జలాంతర్గామి. 31 ఏళ్లు పనిచేసి 2001లో సెలవు తీసుకుంది. 2002 నుంచి ఇసుక ఒడ్డున మ్యూజియంగా నిలిచి వుంది. 75 మంది మనుషులు ఆ ఇరుకులో రోజుల తరబడి ఎలా తిన్నారో, ఎలా నిద్రపోయారో నావికాదళంలో పనిచేసి రిటైరయిన వారే దగ్గరుండి చెబుతారు. రోడ్డుకు అవతల 2017లో తెచ్చి పెట్టిన టీయూ-142 విమానం వుంది. 1971 యుద్ధ విజయానికి గుర్తుగా 1996లో కట్టిన స్మారక చిహ్నమూ ఆ రోడ్డులోనే వుంది. పాత డచ్చి బంగళాలో 1991లో పెట్టిన విశాఖ మ్యూజియమూ అక్కడే. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద వేసిన బాంబుల్లో పేలకుండా మిగిలిన 250 పౌన్ల బాంబును ఆ మ్యూజియంలో చూడవచ్చు.

ఇంత చూశాక పల్లెటూరి పిల్లవాడికి ఒక ప్రశ్న రావాలి. "ఇందులో మా ఊరు ఎక్కడుంది?" అని. ఆ ప్రశ్న రాకముందే పిల్లలను బస్సెక్కించెయ్యడం జరుగుతోంది. పొరపాటు అక్కడే వుంది. ఎందుకంటే ఆ ప్రశ్నకు జవాబు వుంది.

రేవు కట్టక ముందు

1933కు ముందు విశాఖలో పెద్ద ఓడ ఒడ్డుకు ఆనే వీలు లేదు. ఓడ దూరాన లంగరు వేసేది. సరుకులైనా, మనుషులైనా పడవల మీద అలలు దాటి వెళ్లి ఓడ ఎక్కవలసిందే. మసూలా పడవలనే ఆ పడవలకు మేకులు వుండేవి కావు. చెక్కపలకలను కొబ్బరి తాళ్లతో కుట్టేవారు. అల విసిరి కొట్టినప్పుడు మేకులు దిగేసిన పడవ పగులుతుంది. కుట్టిన పడవ కాస్త వంగి దెబ్బ కాచుకుంటుంది. ఈ కిటుకు కనిపెట్టినవారు ఏ కాలేజీలోనూ చదువుకోలేదు. వారు తీరం పల్లెల జనం.

తరువాత యారాడ కొండ చాటున వున్న చిత్తడి నేలను తవ్వి లోపలి హార్బరు చేశారు. ఇసుకను, అలలను ఆపడానికి రెండు పాత ఓడలను సముద్రంలో ముంచి అడ్డుకట్టగా వాడారు. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ఓడ మొదటగా లోపలికి వచ్చింది. ఆ డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ రేవుకు లాంఛనంగా ప్రారంభోత్సవం చేశాడు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ సింధియా కంపెనీ ఓడల కార్ఖానాకు శంకుస్థాపన చేశారు. 1948 మార్చి 14న ప్రధాని నెహ్రూ అక్కడ తయారైన 'జల ఉష'ను నీట దింపారు. ఆ కార్ఖానా ప్రభుత్వపరమై హిందుస్థాన్ షిప్‌యార్డు అయినా ఆ పేటను జనం నేటికీ సింధియా అనే పిలుస్తారు.

శిలాఫలకం మీద పెద్దల పేర్లు వుంటాయి. మట్టి తట్టలు మోసినవారి పేర్లు రాతికి ఎక్కవు. యుద్ధం కథలో కూడా ఇంతే. 1971 డిసెంబరు 3వ తేదీ రాత్రి తెల్లవారేలోగా పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు ముంగిట మునిగింది. నీటి మీద తేలుతున్న వస్తువులను చూసి వచ్చి కబురు చెప్పినవారు వేటకు వెళ్లిన మత్స్యకారులు.

రంగం కథ

అన్నిటికన్నా పెద్ద కథ రంగానిది. ఉత్తరాంధ్ర పల్లెల్లో "మా తాత రంగం వెళ్లాడు" అనే మాట వినని ముసలివాళ్లు వుండరు. రంగం అంటే బర్మాలోని రంగూన్ పట్నం. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో స్టీమరెక్కి, బంగాళాఖాతం దాటి, వేలకు వేలమంది కూలికి వెళ్లారు. వరి కోతలకు, బియ్యం మిల్లులకు, రేవులో మూటలు మోయడానికి వారే కావలసి వచ్చారు. కోరంగి రేవు పేరు మీద తెలుగువారిని అక్కడ 'కోరంగీ'లని పిలిచేవారు. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్ పట్నంలో సగానికి మించి భారతీయులే.

అది సుఖమైన వలస కాదు. మేస్త్రీలు ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టేవారు. ఓడ టిక్కెట్టూ అప్పు కిందే. ఆ అప్పు తీరే దాకా మేస్త్రీ చెప్పిన చోట పని చేయవలసిందే. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. వారి బదులు బర్మావారిని పనిలోకి తీసుకున్నారు. సమ్మె తీరి బర్మావారిని పంపివేయబోతే ఘర్షణ పుట్టి, నెత్తురు పారింది. కడుపు కోసం వెళ్లిన రెండు జాతుల బీదవారు ఒకరినొకరు నరుక్కున్నారు.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఓడల్లో చోటు దొరికినవారు ఓడల్లో వచ్చారు. దొరకనివారు లక్షల్లో అడవులూ కొండలూ దాటి కాలినడకన ఇండియాకు బయలుదేరారు. దారిలో ఆకలికి, జ్వరాలకు, కలరాకు ఎందరో రాలిపోయారు. ఇంటికి చేరినవారికి ఇక్కడా బాంబు భయమే ఎదురైంది. 1942 ఏప్రిల్‌లో విశాఖ జనమే మూటాముల్లె సర్దుకుని పల్లెల దారి పట్టారు. యుద్ధం ముగిశాక కొందరు మళ్లీ బర్మా వెళ్లారు. 1962లో అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చింది. 1964లో దుకాణాలను జాతీయం చేశారు. మళ్లీ వేల కుటుంబాలు కట్టుబట్టలతో తిరిగి వచ్చాయి. విశాఖలో కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అనే పేట ఆ రోజుల గుర్తే.

మ్యూజియంలోని బాంబు వెనుక ఇంత కథ వుంది. ఆ కథలో సగం ఊళ్లలో వుంది. రంగం నుంచి తెచ్చిన టేకు పెట్టె ఏ ఇంట్లోనో ధాన్యం గదిలో పడి వుంటుంది. పాత ఫొటో, మనియార్డరు రసీదు, క్యాంపు కాగితం ఏ దూలం మీదో చెదలు పట్టి వుంటాయి. ఇల్లు పడగొట్టి స్లాబు వేసే రోజున అవి పాత సామాన్లవాడి తోపుడుబండి ఎక్కుతాయి.

కూడు పెడుతుందా?

ఈ పాత సంగతులు కూడు పెడతాయా అని అడిగేవారు వుంటారు. న్యాయమైన ప్రశ్నే. అయితే వలస ఆగలేదు. ఇక్కడి రేవుల్లో చేపల వేట సాగక, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు గుజరాత్ వెళ్లి పరాయి బోట్ల మీద పని చేస్తున్నారు. 2018 నవంబరులో అలా వెళ్లినవారు సరిహద్దు దాటారని పాకిస్తాన్ చేతికి చిక్కారు. వారిలో 20 మంది 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. ఇక గల్ఫ్ దేశాలకు ఏజెంట్ల ద్వారా అప్పు చేసి వెళ్లే కుర్రవాళ్ల సంగతి ఏ ఊళ్లోనైనా వినవచ్చు. ఆనాటి మేస్త్రీ అడ్వాన్సుకు, నేటి ఏజెంటు అప్పుకు తేడా ఏమిటో తెలిసిన కుర్రవాడు సంతకం పెట్టే ముందు ఒకటికి రెండుసార్లు కాగితం చదువుతాడు. పొలం తాకట్టు పెట్టే తండ్రి ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. చరిత్ర కూడు పెట్టకపోవచ్చు. కూడు పోకుండా కాపాడగలదు.

చేయవలసిన పని పెద్ద ఖర్చుతో కూడినది కాదు. విహారయాత్రకు పది రోజుల ముందు హైస్కూలు మాస్టార్లు పిల్లలకు ఒక పని అప్పగించాలి. ఇంట్లోనో, వీధిలోనో పెద్దవాళ్లను అడిగి, ఎవరు ఏ రేవున ఓడ ఎక్కారు, ఎవరి వెంట వెళ్లారు, అప్పు ఎంత, ఎలా తిరిగి వచ్చారు అనే నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసి తేవాలి. ఆ తర్వాత మ్యూజియంలో అడుగు పెడితే బాంబూ, ఓడ బొమ్మా పిల్లలకు వేరుగా కనిపిస్తాయి. అరగంట చాలదు. ఒక పూట కేటాయించాలి.

రాసిన నోటుపుస్తకాలను చిత్తు కాగితాల్లో వేయకుండా పంచాయతీ ఆఫీసులోనో, గ్రంథాలయంలోనో భద్రపరచాలి. ఇంటివారు ఇష్టపడితే పాత ఫొటోల నకళ్లు తీసి మ్యూజియానికి పంపాలి. అసలు ఫొటో ఇంట్లోనే వుండనివ్వాలి. మ్యూజియం వారు కూడా ఊళ్లు పంపే నకళ్లకు ఒక గోడ కేటాయించి, కింద ఊరి పేరు, మనిషి పేరు తెలుగులో రాయించాలి. ఎంత పెద్ద మ్యూజియానికైనా ఇంటింటి కథ దానంతట అది తెలియదు. ఊరు చెబితేనే తెలుస్తుంది.

ఆలస్యం చేయడానికి వీలు లేదు. 1942లో తల్లి చంకనెక్కి వచ్చిన పసివాళ్లకే ఇప్పుడు 80 దాటాయి. 1964లో పదేళ్ల పిల్లలుగా ఓడ దిగినవారికి 70 దాటాయి. ఏటా కొందరు వెళ్లిపోతున్నారు. జలాంతర్గామిని వచ్చే ఏడాదైనా చూడవచ్చు. అది ఎక్కడికీ పోదు. వీధరుగు మీద కూర్చున్న పెద్దాయన వచ్చే ఏడాదికి వుంటాడో లేడో. ముందు ఆయన దగ్గర కూర్చుని అడిగి, ఆ తర్వాతే బస్సెక్కడం మంచిది.